శాస్త్రీయంగా ఏమీ చెయ్యని వాంగ్ గారు

ఏమీ చెయ్యకుండా ఉండటం కోసం వాంగ్ గారు రోజూ తెల్లవారుజామున అయిదున్నరకే లేస్తారు. అంతకన్నా ఆలస్యమైతే ఆ పని తెమలదు. ముందు పళ్ళు ముప్పై ఆరుసార్లు టకటకలాడించాలి. నోట్లో ఊరిన ఎంగిలిని ఉమ్మెయ్యకుండా మూడు గుక్కలుగా మింగాలి. తావో యోగుల లెక్కలో అది అమృతం. తరవాత చెంగ్డూ పీపుల్స్ పార్కుకి నడిచివెళ్ళి ఒక చెట్టుకి వీపు ఆనించాలి. ఆనించడం అని మర్యాదకి అంటున్నాను. నిజానికి చెట్టుని వీపుతో ధబీధబీమని బాదాలి. ఆపైన కొలను చుట్టూ వెనక్కి నడక. ఇదంతా ముగించి టీ దుకాణంలో వెదురు కుర్చీలో కూలబడి, రొప్పుతూ చెబుతారు: "ప్రయాసపడకు, ఊరికే ఉండు. మా తావో గురువు లావోజి చెప్పిందల్లా ఇంతే."

ఆయన పేరు వాంగ్ అనుకుందాం. చైనాలో ఆ ఇంటిపేరు ఇంచుమించు పది కోట్ల మందికి ఉంది కాబట్టి ఇది తన గురించేనని ఏ ఒక్కరూ నొచ్చుకోనక్కర్లేదు. ఎలక్ట్రాన్ ట్యూబుల కర్మాగారంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆ దేశంలో ఇంజనీరుకి ఇంటిపేరు వెనక 'గోంగ్' తగిలించి పిలవడం మర్యాద. అందుకని చిన్నవాళ్ళకి ఆయన వాంగ్ గోంగ్. నేను ఆయనకి షియావో రావ్, అంటే బుల్లి రావు. ఆ ఊళ్ళో ఎంబీబీఎస్ చదవడానికి వెళ్ళిన తెలుగు కుర్రాళ్ళలో నేనూ ఒకణ్ణి. వైద్యం చదివే కుర్రాడు చేతికి దొరికితే వాంగ్ గారికి పండగే. రోగం చెప్పుకోవడానికి కాదు, సిలబస్ సరిదిద్దడానికి.

వాంగ్ గారి తీర్పులు రెండే రకాలు: శాస్త్రీయం, అశాస్త్రీయం. మధ్యాహ్నం కునుకు శాస్త్రీయం. మంచినీళ్ళు చల్లగా తాగడం అశాస్త్రీయం. ఉడుకునీళ్ళు శాస్త్రీయం, అందులో గోజీ పళ్ళు వేస్తే మరీ శాస్త్రీయం. కోడలు పురుడు పోసుకుని నెల తిరక్కుండానే తలస్నానం చేసినరోజున ఆయన అన్నం మానేశారు. అంత అశాస్త్రీయం ఆ ఇంట్లో మునుపెన్నడూ జరగలేదు. ఇందులో ప్రయోగమేమిటి, ఫలితమేమిటి, తప్పని తేలితే ఏం చేస్తారు అని అడిగితే జాలిగా చూస్తారు. మనం దేవుడి చిరునామా అడిగినట్టు.

ఈ భక్తి ఆయన సొంత కల్పన కాదు, దీనికి పెద్ద వంశవృక్షమే ఉంది. 1919లో చెన్ దూషియు తన 'న్యూ యూత్' పత్రికలో చైనాని బాగుచెయ్యగలవాళ్ళు ఇద్దరేనని, వాళ్ళకి మనుషుల్లాగే పేర్లు పెట్టి రాశాడు: సైన్సు గారు, డెమోక్రసీ గారు. సైన్సు గారి గురించి వాంగ్ గారు గంటల తరబడి మాట్లాడతారు. రెండో ఆయన ప్రస్తావన వస్తే టీ చల్లారుతోందంటారు. బతకనేర్చిన మనిషి.

ఆ తరంలో అసలు సిసలు భక్తుడు లియాంగ్ చీచావ్. మహా పండితుడు, సంస్కర్త. మూత్రంలో రక్తం పడుతోందని 1926లో బీజింగ్‌లో ఆధునిక వైద్యశాలకి వెళితే కుడి మూత్రపిండం తీసేశారు. రక్తం మాత్రం ఆగలేదు. తియ్యాల్సిన అవసరమే లేదేమోనని పత్రికల్లో గోల లేచింది. అప్పుడు లియాంగ్ ఏం చేశాడనుకున్నారు? ఆస్పత్రిని వెనకేసుకొస్తూ స్వయంగా వ్యాసం రాశాడు. తన ఒక్కడి సంగతి చూసి జనం సైన్సు మీద నమ్మకం పోగొట్టుకుంటారేమోనని ఆయన బెంగ. నాకీ కథ చెప్పింది వాంగ్ గారే, కళ్ళు తుడుచుకుంటూ. అయితే ఆయన భక్తి అంత దూరం పోదు. సైన్సు గారికి ఆయన దణ్ణం పెడతారు, మొక్కు మొక్కుతారు, మూత్రపిండం మాత్రం ఇవ్వరు.

పైగా ఆయనకి ఇంకో జన్మ సంస్కారం కూడా ఉంది. చెంగ్డూ ఉన్న సిచువాన్ రాష్ట్రం తావో మతానికి పుట్టిల్లు. క్రీ.శ. 142లో జాంగ్ దావోలింగ్‌కి అక్కడి కొండల్లోనే లావోజి దేవుడై కనిపించాడని చెబుతారు. జాంగ్ మతంలో చేరడానికి రుసుము అయిదు కుంచాల బియ్యం, దాంతో మతానికే ఆ పేరు స్థిరపడింది. రోగం వస్తే మందు కాదు, ముందు పాపాలు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నది మూడు కాగితాల మీద రాసి ఒకటి కొండమీద పెట్టి, ఒకటి భూమిలో పాతి, ఒకటి నీళ్ళలో వదలాలి. తాయెత్తు కాగితం కాల్చిన బూడిద నీళ్ళలో కలిపి తాగాలి. ఇదంతా మూఢనమ్మకమని వాంగ్ గారు తేల్చేశారు. కాకపోతే చింగ్‌యాంగ్ ఆలయంలో కంచు మేక ఉంది కదా, అది వేరు. ఆ మేకకి ఎలుక చెవులు, ఎద్దు ముక్కు, పులి గోళ్ళు, పంది పిరుదులు, ఇలా పన్నెండు జంతువుల అంగాలుంటాయి. మనకి ఎక్కడ నొప్పో మేకకి అక్కడ రుద్దితే తగ్గుతుందని జనం నమ్మకం. వాంగ్ గారికి మోకాళ్ళ నొప్పులు. మేక మోకాలు రుద్దుతూ నాకు కంటపడ్డారు. తడబడలేదు. "లోహం ద్వారా ఉష్ణ వాహకత పరీక్షిస్తున్నాను" అన్నారు.

నాకు ఆ జవాబే ఆయన్ని పట్టిచ్చినట్టనిపిస్తుంది. ఊరికే రుద్దితే ఎవరు కాదంటారు? ముసలాయన, నొప్పి, మేక. కానీ ఉత్తినే నమ్మడానికి ఆయనకి సిగ్గు, నమ్మకపోవడానికి భయం. ఆ రెంటి మధ్యా ఒక సైన్సు పాఠ్యపుస్తకం అడ్డుపెట్టుకుంటారు.

ఆయన యవ్వనంలో ఆ అవసరం ఉండేది కాదు, సర్కారే ఇలాంటి నమ్మకాలకి అండగా నిలబడింది. 1979లో సిచువాన్ దినపత్రిక ఒక వార్త వేసింది: దాజూ జిల్లాలో పన్నెండేళ్ళ కుర్రాడు చెవులతో చదువుతున్నాడని. కాగితం ఉండచుట్టి చెవిలో పెడితే అందులో అక్షరం చెప్పేస్తాడట. మూణ్ణాళ్ళలో దేశమంతటా చెవులతో, చంకలతో చదివే పిల్లలు బయల్దేరారు. చైనా రాకెట్ల పితామహుడు చియెన్ షుయేసెన్ అంతటివాడు ఇది 'మానవదేహ విజ్ఞానం' అని వెనక నిలబడ్డాడు. ఇక చిగోంగ్ గురువులకి పట్టపగ్గాల్లేవు. చి అంటే గాలి, ఊపిరి, ప్రాణశక్తి. దాన్ని అరచేతుల్లోంచి వదిలి ఎదుటివాడి జబ్బు నయం చేస్తామన్నారు. యాన్ షిన్ అనే ఆయన వేల కిలోమీటర్ల దూరం నుంచే నీటి అణువుల్ని మార్చానన్నాడు. తొంభైల మొదట్లో విశ్వం నుంచి సమాచారం పట్టుకోవడానికి నెత్తిన లోహపు గిన్నెలు బోర్లించుకుని కూర్చున్న జనం ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి.

వాంగ్ గారు గిన్నె పెట్టుకోలేదని ప్రమాణం చేస్తారు. ఇంజనీరు కదా, ఆయన వోల్టుమీటరు పట్టుకెళ్ళారు. గురువు అరచేయి దగ్గర పెడితే ముల్లు కదిలింది. తోటి ఇంజనీరు ఒకాయన వైరు వదులుగా ఉందన్నాడు. బిగించి చూస్తే కదల్లేదు. "చూశావా షియావో రావ్, వైరు బిగిస్తే చి ప్రవాహం ఆగిపోయింది" అన్నారు. నలభై ఏళ్ళయినా ఆ ముల్లు ఆయన మనసులో అటే వాలి ఉంది.

ఈమధ్య క్వాంటం వచ్చింది. 2016లో చైనా క్వాంటం ఉపగ్రహం పంపిన దగ్గర్నుంచీ ఆ మాట తగిలించని సరుకు బజార్లో లేదు. క్వాంటం తరంగాలతో పుస్తకం పేజీలు గలగలా తిప్పుతూ పిల్లలు చదివేస్తారని ఫీజులు వసూలుచేసిన కోచింగ్ కేంద్రాల బండారం 2019లో బయటపడింది. వాంగ్ గారు బూట్లలో వేసుకునే క్వాంటం అట్టలు కొన్నారు. నీల్స్ బోర్ 1947లో తన వంశచిహ్నం మీద తావో మతపు నలుపు తెలుపు చక్రం వేయించుకున్నాడు కదా, మరి అట్టలు పనిచెయ్యక చస్తాయా అన్నది ఆయన తర్కం. బోర్ సంగతి నిజమే. అట్టల సంగతే తేలలేదు. వాంగ్ గారి భార్య వాటిని కత్తిరించి ఎగుడుదిగుడుగా ఉన్న భోజనాల బల్ల కాలికింద పెట్టారు. ఆరోజు నుంచీ బల్ల కదల్లేదు. దాన్నీ ఆయన రుజువుల్లో చేర్చుకున్నారు.

ఆవిడ గురించి ముందే చెప్పాల్సింది. రిటైరైన నర్సు. మాట తక్కువ. రోజూ పొద్దున్నే బీపీ మాత్ర ఆయన అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడతారు. "మీ ఆంటీ సంతోషం కోసం వేసుకుంటాను" అంటారు వాంగ్ గారు. బీపీ అదుపులో ఉంది. ఆ ఖ్యాతి అంతా గోజీ పళ్ళదే. ఒకసారి ఆయన తావో తత్వవేత్త జువాంగ్‌జి చెప్పిన వంకర చెట్టు కథ ఎత్తుకున్నారు: ఏ వడ్రంగికీ పనికిరాదు కనుకే ఎవరూ కొట్టలేదు, అందుకే అంతకాలం బతికిందని. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తకుండానే అన్నారు: "అయితే లావో వాంగ్, నువ్వు వెయ్యేళ్ళు బతుకుతావులే."

వెయ్యేళ్ళు కాదుగానీ నూరేళ్ళు ఆయన లక్ష్యం. అసలు జువాంగ్‌జికి చావంటే పెద్ద పట్టింపు లేదు, భార్య పోతే కుండ వాయిస్తూ పాడాడని కథ. కానీ తరవాత వచ్చిన తావో రసవాదులకి చావకపోవడమే పని. పాదరసం, ఇంగిలీకం వండి మింగించి తాంగ్ వంశపు చక్రవర్తుల్ని కొందరిని అనుకున్నదానికన్నా ముందే పైకి పంపారు. చావులేని మందు కాచబోయి తుపాకిమందు కనిపెట్టారు. మన దగ్గర వేమనని పరుసవేది కథలు చుట్టుకున్నట్టే అక్కడ గె హోంగ్ అనే నాలుగో శతాబ్దపు రసవాదిని చుట్టుకున్నాయి. ఆయన అమరత్వం మీద బోలెడు రాశాడు. దాంతోపాటు, ఊళ్ళో వైద్యుడు దొరకనివాళ్ళ కోసం చిట్కాల పుస్తకం ఒకటి రాసిపెట్టాడు. అమరత్వం ఎవరికీ అబ్బలేదు. చిట్కాల్లో ఒకటి మాత్రం పదహారు వందల ఏళ్ళ తరవాత లోకానికి పనికొచ్చింది.

ఇది వాంగ్ గారి తురుపుముక్క. 1967లో మలేరియా మందు కోసం చైనా సైన్యం రహస్యంగా మొదలుపెట్టిన పరిశోధనలో తూ యోయో అనే ఆవిడ పాత వైద్యగ్రంథాలు దుమ్ముదులిపారు. చింగ్‌హావ్ అనే మొక్క, మన వినాయకచవితి పత్రిలో వచ్చే మాచిపత్రికి చుట్టమే, ఒకసారి పనిచేసినట్టే చేసి మళ్ళీ మొరాయించింది. గె హోంగ్ ఆ ఆకుని కాచమనలేదు, నీళ్ళలో నానబెట్టి పిండి రసం తాగమన్నాడు. అంటే వేడి తగిలితే గుణం పోతోందేమోనని ఆవిడకి అనుమానమొచ్చింది. ముప్పై అయిదు డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో మలేరియాని పూర్తిగా తుడిచిపెట్టింది. మరుసటేడు ఆవిడే ముందుగా మింగి చూసుకున్నారు. 2015లో నోబెల్ వచ్చింది.

"అదీ మా పూర్వీకుల సైన్సు!" అని వాంగ్ గారు తొడ చరిచారు. నాకూ పౌరుషం పొడుచుకొచ్చింది. మలేరియా పురుగుని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, మా సికింద్రాబాదులో అన్నాను. ఆయన క్షణం ఆలోచించి, చాలా ఉదారంగా ఒప్పందానికొచ్చారు: "సరే. దోమ మీది, మందు మాది."

అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ మందు కథలో తూ యోయో చేసిన పని ఏమిటంటే, పనిచెయ్యని మందుని పనిచెయ్యలేదని రాసుకోవడం. వందల సారాలు తీసి, పారబోసి, ఎందుకు కుదరలేదా అని పుస్తకాన్నే నిలదీసి అడగడం. ఆ ముక్క నేను మెల్లిగా చెబుతుంటే వాంగ్ గారు మట్టికుండలో ఏవో ఆకులు వేసి కుతకుతా ఉడికిస్తున్నారు. ఏమిటవి అన్నాను. "చింగ్‌హావ్. వర్షాకాలం కదా, ముందుజాగ్రత్త." మరి ఉడికిస్తే పోతుందని కదా ఇందాక మీరే... "అది మలేరియాకి. నాకు మలేరియా లేదుగా."

ఆ శీతాకాలం ఆయనకి నిజంగానే జబ్బు చేసింది. జ్వరం, దగ్గు. ఆకుల కషాయం రెండు రోజులు, వీపున గాజు బుడ్లు ఒక పూట. మూడోనాడు భార్య టాక్సీ పిలిచారు. డాక్టరు కుర్రవాడు చూసి మాత్రలు చాలన్నాడు. వాంగ్ గారు కుర్చీలోంచి లేవలేదు. సీసా ఎక్కించని వైద్యం శాస్త్రీయమెలా అవుతుంది? పక్కన నేనున్నాను కదా అని నా వంక చూశారు, నేను గోడ మీది పోస్టరు చదువుకున్నాను. వాదించలేక డాక్టరు సెలైన్ రాశాడు.

ఎక్కించడం మొదలుపెట్టాక అసలు సమస్య బయటపడింది. సెలైన్ చల్లగా ఉంది. ఆయన నాలుగు దశాబ్దాలుగా చల్లటి నీళ్ళు నోట పెట్టలేదు. ఇప్పుడు నేరుగా నరంలోకే! సూది లేని చేత్తో సంచిలోంచి ఫ్లాస్కు తీసి, ఉడుకునీళ్ళు కప్పు నిండా పోసి, సెలైన్ గొట్టాన్ని ఆ ఫ్లాస్కు ఒంటికి మూడు చుట్లు చుట్టారు. "ఉష్ణ మార్పిడి," అన్నారు నాతో, "ట్యూబుల ఫ్యాక్టరీలో ఇలాగే చేసేవాళ్ళం."

డాక్టరు రౌండ్లకి వచ్చాడు. ఫ్లాస్కు చూశాడు, చుట్లు చూశాడు. తిడతాడనుకున్నాను. ఆయన ముందుకి వంగి కప్పులోకి తొంగిచూసి, "ఈ గోజీ పళ్ళు నింగ్‌షియావేనా వాంగ్ గోంగ్? ఇంత ఎరుపు నాకు దొరకడం లేదు" అన్నాడు. కోటు జేబులోంచి తన ఫ్లాస్కు తీశాడు. పళ్ళు పదిహేను వెయ్యాలా ఇరవయ్యా, ఎర్ర ఖర్జూరం కలిపితే వేడి చేస్తుందా, ఎన్ని డిగ్రీల నీళ్ళయితే శాస్త్రీయం, ఇద్దరూ లోకం మరిచి మాట్లాడుకుంటున్నారు.

కిటికీ పక్కన అల్లుకుంటున్న వాంగ్ గారి భార్య లేచి వచ్చి గొట్టానికి ఉన్న చక్రం బిగించారు.

"సీసా అయిపోయింది. ఇక గొట్టంలో మిగిలింది చి ఒక్కటే. అది కూడా ఎక్కించమంటారా?"