అమెరికా సార్

మా కాలనీలో ఆయన్ని అందరూ అమెరికా సార్ అంటారు. రిటైరయ్యేదాకా ఆయన అమెరికా మొహం చూసింది లేదు. చూడాల్సిన పనేముంది? ఉస్మానియా క్యాంపస్‌లో 1964లోనే అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలిసింది. తార్నాకలో బస్సు దిగితే చాలు, ఆయనకు న్యూయార్క్‌లో ఓడ దిగినట్టే. అమెరికా పంపిన పీఎల్-480 సాయం గోధుమలకు మనం కట్టిన రూపాయలు ఆ లైబ్రరీకి ఆసరా. గోధుమలు దేశం తింది, పుస్తకాలు సార్ తిన్నారు.

లోపల ఏసీ. రోళ్లు పగిలే మే నెలలో ఈయన శాలువా కప్పుకుని కార్డుల మీద నోట్సు రాసుకునేవారు. ఆ కార్డులు ఇప్పటికీ చెప్పుల డబ్బాల్లో భద్రం. వాటి ప్రకారం, అమెరికన్ రచయిత థోరో వాల్డెన్ చెరువు గట్టున కట్టుకున్న గుడిసెకు అయిన ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. మేకులకెంత, సున్నానికెంత అన్నదీ చెబుతారు. మరి మీ ఇంటికి సున్నం వేయించి ఎన్నేళ్లయింది సార్ అంటే మాత్రం, వంటింటి వైపు తిరిగి "ఏమేవ్" అంటారు.

ఆయన ముందు వివేకానందుడి షికాగో ప్రసంగం ఎత్తకూడదు. "అదే 1893, అదే ఊరు. స్వామివారికి రెండు నెలల ముందు టర్నర్ అనే కుర్ర చరిత్రకారుడు, అమెరికాకు ఇక కొత్త సరిహద్దు లేదని పేపర్ చదివాడు. ఆ పక్కనే బఫెలో బిల్ గుర్రాల మీద ఉత్తుత్తి యుద్ధాలు ఆడిస్తున్నాడు. జనం ఎటు పోయుంటారంటావ్?" అని కళ్లద్దాలు తుడుస్తూ మన మొహం చూస్తారు. నిజానికి ఆయన పాఠమంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మనకే బస్సు టైమవుతుంటుంది.

వీసా ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలు ఐ-20 కాగితాలు పట్టుకొస్తే, 1924 ఇమ్మిగ్రేషన్ చట్టంతో మొదలెడతారు. 1965 చట్టానికి వచ్చేసరికి పిల్లాడు గేటు దాటేసుంటాడు.

చివరికి డాలస్‌లో ఉన్న కూతురు పిలిపించుకుంది. ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్లు కనబడగానే, అలాంటి ఇళ్ల పాత కాలనీ గుర్తొచ్చి "లెవిట్‌టౌన్! 1947!" అంటూ కారు ఆపించారు. "మామయ్యగారూ, ఇది మా వీధేనండీ" అన్నాడు అల్లుడు.

మర్నాడు ఒక్కరే వాకింగ్‌కి వెళ్లి, ఆ అచ్చుల్లో తమ ఇల్లేదో పోల్చుకోలేక గంటసేపు తిరిగారు. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడి తోరణం చూసి ధైర్యంగా బెల్లు కొట్టారు. అది పక్క వీధి తెలుగువాళ్లది. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారట. అల్లుడు వెతుక్కుంటూ వెళ్లేసరికి, ఆ ఇంటాయనకు థోరో మేకుల లెక్క చెబుతున్నారు.