మూర్మాన్‌స్క్‌లో తెల్లారదు, నింపాదిగా పోయిరండి

మే నెలలో నాపరాళ్ల మీద అరికాళ్లు కాలిన మన చిలమకూరు ఊరోళ్లంతా ఒక్కసారైనా చూడాల్సిన ఊరు మూర్మాన్‌స్క్. రష్యా ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ వలయానికి పైన, 1916లో వెలసిన రేవు పట్నం. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల చలికాలంలోనూ అక్కడి నీళ్లు గడ్డకట్టవు. ఇక చేయాల్సినవి చెప్తా, వరసగా చేసుకుంటూ పోండి.

1. స్వెటర్ కొనొద్దు. రేవే గడ్డకట్టనప్పుడు మనిషెందుకు గడ్డకడతాడు? మైనస్ ఇరవై అని ఎవరైనా బెదిరిస్తే ఈ మాటే అడగండి. పంచె, పైపంచ, హవాయి చెప్పులు చాలు.

2. డిసెంబరు మొదట్లోనే దిగండి. 2వ తేదీ ప్రాంతం నుంచి సుమారు 40 రోజులు అక్కడ పొద్దు పొడవదు. మధ్యాహ్నం కాసేపు నీలంగా మసక వెలుతురు, అంతే. ఇంత మంచి సాకు డబ్బు పెట్టినా దొరకదు. మీరు పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీ నుంచి షిఫ్టు ఇన్‌ఛార్జి ఫోన్ చేస్తాడు. "ఇంకా తెల్లారలేదు సార్" అనండి. వీడియో కాల్ పెట్టి కిటికీ చూపించండి. మరుసటి రోజూ చేస్తాడు, మళ్లీ చూపించండి. ఆ తర్వాత ఉద్యోగం పోయిందని మెసేజ్ వస్తుంది. దుప్పటి పైకి లాక్కోండి, ఇక ఫ్యాక్టరీ ఫోన్లు రావు.

3. నోట్లు మోయొద్దు. మన బ్యాంకు ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డు మాత్రమే జేబులో పెట్టుకోండి. 2022 మార్చి నుంచి బయటి దేశాల బ్యాంకులిచ్చిన ఆ కార్డులు రష్యాలో పనిచేయవు. పైసా ఖర్చు కాదు. ఆకలికి ఇంటి నుంచి తెచ్చిన చెనిక్కాయలున్నాయి.

4. లెనిన్ ఓడ దగ్గరికి పోండి. అణుశక్తితో నడిచిన ప్రపంచపు తొలి ఐస్‌బ్రేకర్ అది, 1959లో పనిలోకి దిగింది, ఇప్పుడు రేవులో మ్యూజియం. లోపలికి పోతే మెట్లెక్కాలి. బయటే ఫొటో దిగి "అంతా చూసినా" అని స్టేటస్ పెట్టండి. యుద్ధనౌక కంటబడితే దాన్నీ తీయండి, కావలివాడు వద్దన్నాక ఇంకో నాలుగు తీయండి. పోలీసులే బండెక్కించుకుంటారు. టాక్సీ డబ్బులు మిగులుతాయి.

5. ధ్రువకాంతులకు అర్ధరాత్రి లేవాలంట. లేవొద్దు.

6. సంక్రాంతికి రమ్మని అమ్మ ఫోన్ చేస్తుంది. "పొద్దు పొడవంగానే బయల్దేరతా మా" అని మాటివ్వండి. జనవరి రెండో వారంలో సూర్యుడు కాసేపు తొంగిచూస్తాడు. ఆ పొద్దు కర్టెన్ తీయొద్దు.