ఆవు వ్యాసం

పంతొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా బతికాను. అంటే ఇంకొకరు రాసినదాంట్లో తప్పులు పట్టడమే నా పని. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి మొదలుపెట్టిన ఆ బతుకు 2024లో ఆగింది. ఈసారి తప్పు నాలో దొరికింది, అంతే తేడా.

నలభై ఏడేళ్లకు ఉద్యోగం పోతే మగాడు ముందు చేసే పని ఇంకోటి వెతుక్కోవడం కాదు, పోయిన సంగతి దాచడం. ఇంట్లో చెప్పాను గానీ అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని కూకట్‌పల్లిలో బస్సెక్కేవాణ్ణి. దిగేది చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ దగ్గర. అక్కడంతా గ్రూప్స్‌కి చదివే పిల్లలు. రెండు వారాలు నన్ను గమనించిన ఓ కుర్రాడు మజ్జిగ ప్యాకెట్ చేతిలో పెట్టి మరీ అడిగాడు: "అంకుల్, జనరల్‌కి 46 దాటితే అయిపాయె కదా! మీరు దేనికి ప్రిపేర్ అవుతున్నరు?" ఏం చెప్పాలో తోచక మజ్జిగ తాగేశాను.

అక్కడ కూర్చుని దరఖాస్తులు కొట్టేవాణ్ణి. నౌక్రీ, లింక్డిన్, ఎక్కడ బటన్ కనబడితే అక్కడ నొక్కడమే. మూడు నెలల్లో 412. ఎక్సెల్‌లో లెక్క రాసి, జవాబు వస్తే ఆకుపచ్చ రంగు వేద్దామనుకున్నాను. ఆ రంగు వాడే అవసరం రాలేదు. ఫోన్లు మాత్రం రెండొచ్చాయి. ఒకటి క్రెడిట్ కార్డుకి. రెండోది, ఐదు వేలు కడితే దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పిస్తామని. (కట్టేవాణ్ణే. ఓటీపీ మా ఆవిడ ఫోన్‌కి పోయి బతికిపోయాను.) చిలుకూరులో 11 ప్రదక్షిణలు కూడా చేశాను. "ఏ ఉద్యోగమో చెప్పి మొక్కారా, లేక ఆయనకీ ఊరికే అప్లై కొట్టి వచ్చారా?" అంది మా ఆవిడ.

ఆవిడ జడ్పీ హైస్కూల్లో తెలుగు టీచరు. ఓ ఆదివారం పదో తరగతి పేపర్లు దిద్దుతూ, వాటి మధ్యకు ఎలా చేరిందో నా రెజ్యూమే కూడా దిద్దేసింది. నాలుగు పేజీలు, ఎర్ర సిరా. "అనేక ప్రాజెక్టులలో కీలక బాధ్యతలు" అని ఉన్నచోటల్లా మార్జిన్‌లో మూడే ముక్కలు: ఎన్ని? ఏవి? ఎప్పుడు?

"ఏవండీ, వాళ్లడిగిందేంటి?"

బ్యాంకింగ్ అనుభవం ఉన్న టెస్టరు కావాలన్న ప్రకటన చూపించాను.

"మీరు ఆరేళ్లు బ్యాంకు ప్రాజెక్టులోనే కదా చేశారు! ఏదీ ఇందులో?"

వెతికాం. నాలుగో పేజీలో, "హాబీలు: చదరంగం"కి సరిగ్గా పైన ఉంది.

"వడ్డీ లెక్కలో పైసా తేడా పట్టుకుని రిలీజ్ ఆపించానని వారం రోజులు అన్నం తింటూ అదే కథ చెప్పారు. పిల్ల పారిపోయేది. అది రాయలేదేం?"

నిజమే, రాయలేదు. ఇంట్లో డప్పు కొట్టుకున్నంత సులువుగా కాగితం మీద కొట్టుకోలేకపోయాను.

"మా క్లాసులో ఒకడున్నాడు. రైలు ప్రయాణం మీద రాయమంటే, కిటికీలోంచి ఆవు కనబడింది అని మొదలెట్టి, వచ్చిన ఆవు వ్యాసం మొత్తం దింపేశాడు. వాడైనా ఒక పరీక్షలోనే. మీరు అదే ఆవుని 412 చోట్ల కట్టేసి వచ్చారు."

ఇంటర్ చదివే మా అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసింది. డబ్బు పెట్టి కొన్న డిజైన్ నాది. రెండు నిలువు వరసలు, నీలం రంగు పట్టీ, ఆ పట్టీలో పేరూ ఫోన్ నంబరూ. "చాలా కంపెనీల్లో మొదట చదివేది సాఫ్ట్‌వేరే నాన్నా, దానికి అందం తెలీదు" అంటూ మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టింది. రెండు వరసలూ కలిసిపోయి "సీనియర్ చదరంగం ఎస్‌క్యూఎల్ తెలుగు 2011 లీడ్" అని తేలాయి. పై పట్టీ అసలు రానే లేదు. మూడు నెలలుగా ఫోన్ రావట్లేదని ఏడుస్తున్నాను, తీరా చూస్తే నంబరే చేరిందో లేదో! పంతొమ్మిదేళ్ల టెస్టరు టెస్ట్ చేయకుండా బయటికి వదిలిన సరుకు అదొక్కటే.

కొత్తది రెండు పేజీలు, ఒకే వరస. ప్రతి ప్రకటనకీ మొదటి పది లైన్లు తిరగరాయాలని ఆవిడ ఆర్డరు. ఒక్కోదానికి గంటన్నర పట్టేది. నెలకు తొమ్మిదే పంపాను. రెండింటికి జవాబొచ్చింది. ఎక్సెల్‌లో ఆకుపచ్చ ఎక్కడుందో మర్చిపోయి కాసేపు వెతికాను.

మూడోది మాత్రం కంప్యూటర్‌లోంచి రాలేదు. లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "సార్, 302 సార్ ఆఫీసుల టెస్టింగోళ్లు కావాలంట. మీ ముచ్చట చెప్పిన."

"నాకు ఉద్యోగం లేదని నీకెవరు చెప్పారు?"

"నిరుడు ఆఫీసుకు పోయేటప్పుడు మీ అంగీ గింత మంచిగ ఇస్త్రీ ఉండకపోతుండె సార్."

మూడు నెలల బస్సు ఛార్జీలు కళ్లముందు తిరిగాయి. ఆ 302 ఆయనకు సంక్రాంతికి అరిసెలు పంపింది కూడా మేమే.

మొదటి రౌండు వీడియోలో జరిగింది. మీ గురించి చెప్పండి అన్నారు. "నేను బీఎస్సీ..." అని 1998 నుంచి అందుకున్నాను. తలుపు వెనకనుంచి పెన్నుతో టకటకా రెండు దెబ్బలు వినబడ్డాయి. దగ్గి, పైసా తేడా కథ ఎత్తుకున్నాను. అవతలాయన ముందుకు వంగి, "ఆ పైసా ఎలా దొరికింది?" అనడిగాడు.

రెండో రౌండు గురువారం. ఆవిడ ఎర్ర పెన్నులో సిరా అయిపోయిందట. నిన్న వెళ్లి నేనే కొనుక్కొచ్చాను, రెండు.