నేను, హోస్ట్ హెడర్

బ్రౌజర్ పంపే రిక్వెస్టులో నేను ఒక్క వరుస మాత్రమే. అడుగుతున్నది ఏ పేరు గల సైటునో అందులో ఉంటుంది. వెబ్ తొలినాళ్లలో నా అవసరం ఎవరికీ తోచలేదు. ఒక ఐపీ అడ్రసుకు ఒకే సైటు ఉండేది కనుక ఏ పేజీ కావాలో చెబితే సరిపోయేది. సైట్లు పెరిగి, ఒక్కో దానికి ఒక్కో అడ్రసు ఇవ్వడం కుదరదని తేలాక, 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 నన్ను తప్పనిసరి చేసింది. నేను లేకుండా వచ్చిన రిక్వెస్టును సర్వర్ 400 కోడ్‌తో తిప్పికొట్టాలి. తెలుగు వికీపీడియా, తమిళ వికీపీడియా ఒకే సర్వర్ల గుంపు నుంచి వస్తాయి. పేరులో ముందున్నది ‘టీఈ’నా, ‘టీఏ’నా అన్నది నన్ను చదివితేనే తెలుస్తుంది.

పైథాన్‌లో డబ్ల్యూఎస్‌జీఐ ఒప్పందం నన్ను ఒక డిక్షనరీలో పెట్టి అప్లికేషన్‌కు అందిస్తుంది. ఫ్లాస్క్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో సర్వర్ నేమ్‌గా మూల డొమైన్ చెబితే, దాన్ని నాలోంచి తీసేసి, మిగిలిన సబ్‌డొమైన్‌ను రూట్లతో పోల్చి చూస్తుంది. అయితే 2018 నాటి 1.0 వెర్షన్ నుంచి అప్లికేషన్‌ను సృష్టించేటప్పుడే సబ్‌డొమైన్ మ్యాచింగ్ కావాలని విడిగా అడగాలి. మరో ఫ్రేమ్‌వర్క్ జాంగోలో యూఆర్ఎల్ పట్టిక పాత్‌నే చూస్తుంది. అక్కడ నా మాట వినిపించాలంటే, ఒక మిడిల్‌వేర్ నన్ను చదివి ఆ రిక్వెస్టుకు వేరే పట్టిక తగిలించాలి.

ఇంత తతంగం దేనికి, ఒక్కో ఖాతాదారుకు సబ్‌డొమైన్ బదులు పాత్‌లోనే ఒక పేరు ఇస్తే చాలదా అని అడిగేవారున్నారు. అందరి పేజీలనూ మీరే రాస్తే నిజంగానే చాలు. ఖాతాదారులు సొంత జావాస్క్రిప్ట్ పెట్టుకోగలిగితే మాత్రం చాలదు. బ్రౌజర్ గీసే భద్రతా సరిహద్దు స్కీమ్, హోస్ట్, పోర్టుల మీద ఉంటుంది; పాత్ అందులో లేదు. ఒకే హోస్ట్ కింద ఒకరి పేజీ మరొకరి పేజీని ఐఫ్రేమ్‌లో తెరిచి చదవగలదు. కుకీని ఒక పాత్‌కు కట్టేసినా ఆ దారి మూసుకుపోదు. సబ్‌డొమైన్ మారితే హోస్ట్ మారుతుంది, చదవడం ఆగుతుంది. నన్ను చూసి దారి మళ్లించమని నేను గట్టిగా కోరేది ఇందుకే. ఈ గోడకూ ఒక సందు ఉంది. మూల డొమైన్ పేరు మీద పెట్టిన కుకీ దాని సబ్‌డొమైన్లన్నిటికీ వెళుతుంది; సబ్‌డొమైన్ కూడా మూల డొమైన్ పేరు మీద కుకీ పెట్టగలదు. గిట్‌హబ్ 2013లో వాడుకరుల పేజీలను డాట్ కామ్ నుంచి డాట్ ఐఓకు తరలించింది ఈ భయంతోనే. జాంగోతో నడిచే రీడ్ ద డాక్స్ కూడా 2016లో డాక్యుమెంటేషన్‌ను డాట్ ఆర్గ్ నుంచి డాట్ ఐఓకు మార్చింది. ఆ ఇద్దరూ సబ్‌డొమైన్లను వదులుకోలేదు, వాటిని లాగిన్ ఉండే డొమైన్ నుంచి దూరంగా పెట్టారు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం, నన్ను పంపేవాడు ఏ పేరైనా రాయగలడన్నది. అది పూర్తిగా నిజం. నన్ను పరీక్షించకుండా పాస్‌వర్డ్ రీసెట్ లింకులో అతికిస్తే, ఆ ఈమెయిల్ వాడుకరిని దొంగ సైటుకు పంపుతుంది. అందుకే జాంగో 1.5లో అలౌడ్ హోస్ట్స్ జాబితా తెచ్చింది. అందులో లేని పేరును జాంగో ఒప్పుకోదు. దీన్నిబట్టి నన్ను పక్కన పెట్టాలని కాదు, నన్ను ఏ ప్రశ్న అడగాలో తెలుసుకోవాలని తేలుతుంది. ఏ ఖాతా పేజీ కావాలో నేను చెప్పగలను. వచ్చినవారు ఎవరో, ఆ ఖాతాలో వారికి హక్కుందో లేదో సెషన్, డేటాబేస్ చెప్పాలి. ప్రతి డేటాబేస్ ప్రశ్నలోనూ ఖాతా షరతు ఉండాల్సిందే. ఇక వాడుకరులకే సబ్‌డొమైన్ ఎంచుకునే వీలిస్తే, ‘అడ్మిన్’, ‘ఏపీఐ’, ‘మెయిల్’, ‘లాగిన్’ లాంటి పేర్లను మొదటి ఖాతా తెరవకముందే మీ కోసం అట్టిపెట్టుకోండి. ఒకసారి ఇచ్చిన పేరును వెనక్కి తీసుకుంటే ఆ ఖాతా లింకులన్నీ తెగిపోతాయి.