వీపు పద్యం: టీకా, తాత్పర్యం, విశేషాలు

అద్దమందు రొమ్ము హాయిగాఁ గనిపించు
వీపు కంటఁబడగ వీలు లేదు
నెట్టునంత లాగ నేర్వని భుజములు
ముందుకొరిగి పోవు ముడుచుకొనుచు

అవతారిక: సోమవారం సాయంత్రం జిమ్ములో బెంచ్ ప్రెస్ బల్ల దగ్గర వరుస కట్టిన కుర్రాళ్లనూ, ఆ పక్కనే దిక్కులేక వేలాడుతున్న కేబుల్ పిడినీ చూసి కవి ఈ ఆటవెలది చెబుతున్నాడు.

ప్రతిపదార్థం: అద్దమందు = జిమ్ము గోడకు బిగించిన నిలువుటద్దంలో; రొమ్ము = ఛాతీ, బిగుతు టీషర్టు వేస్తే మరింత ఛాతీ; హాయిగాన్ = మెడ తిప్పే శ్రమ లేకుండా; కనిపించున్ = అగుపడుతుంది; వీపు = మెడ నుంచి నడుము దాకా పరుచుకున్న ట్రపీజియస్, రాంబాయిడ్, లాట్ మొదలైన కండరాలు; కంటన్ పడగన్ = సొంతదారు చూపుకు చిక్కడానికి; వీలు లేదు = కుదరదు; నెట్టునంత = బెంచ్ ప్రెస్‌లో, దండీల్లో తోసినంతగా; లాగన్ = రోయింగులో, పుల్-అప్పులో లాగడం; నేర్వని = ‘రేపు చూద్దాం’ అని వాయిదా వేసిన; భుజములు = భుజాలు; ముడుచుకొనుచున్ = గుండ్రంగా లోపలికి తిరుగుతూ; ముందుకు ఒరిగిపోవున్ = ముందుకు వాలిపోతాయి.

తాత్పర్యం: మనిషి కనిపించేదాన్నే పెంచుతాడు. ముందు కండరాలు బలిసి వెనుకవి బక్కచిక్కితే భుజాలు బలం ఉన్నవైపు మొగ్గుతాయి. కనుక కనపడని వీపును నమ్మి సాధన చేయాలని భావం.

విశేషాలు

శంక: లాట్ పుల్‌డౌన్ చేస్తూనే ఉన్నాం, చాలదా?
సమాధానం: చాలదు. ఛాతీలోని పెక్టోరాలిస్ మేజర్ చేతి ఎముకను లోపలికి తిప్పుతుంది. లాటిసిమస్ డోర్సై వీపున కాపురముంటున్నా, కొస మాత్రం చేతి ఎముక ముందువైపు అతుక్కుని, అదీ లోపలికే తిప్పుతుంది. బయటికి తిప్పేవి ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరెస్ మైనర్, వెనుక డెల్టాయిడ్. రెక్క ఎముకలను వెన్ను దగ్గరికి లాగేవి రాంబాయిడ్లు, నడిమి ట్రపీజియస్. వీటికి పని చెప్పాలంటే పిడిని పొట్టవైపు లాగే రోయింగ్, తాడును ముఖంవైపు లాగే ఫేస్ పుల్ తప్పవు. ఊపుతో లాగితే ఆ పుణ్యం నడుముకు పోతుంది.

శంక: ‘నెట్టునంత’ అన్నది బరువు లెక్కా, సెట్ల లెక్కా?
సమాధానం: బరువని కొందరు బలశాలుల మతం. సెట్లని మా పక్షం. వారంలో 10 సెట్లు నెట్టినవాడు 10 సెట్లు లాగాలి. భుజాలు ఇప్పటికే ఒరిగినవాడు ఇంకొంచెం ఎక్కువే లాగాలి.

పాఠాంతరం: ఎదురెదురు అద్దాలున్న జిమ్ముల్లో రెండో పాదం ‘వీలు కలదు’ అని చదువుతారు. ఛందస్సు చెడదు కానీ నీతి చెడుతుంది.

దృష్టాంతం: కోడి రామమూర్తి నాయుడు ఛాతీపై ఏనుగును ఎక్కించుకున్నారని లోకం నేటికీ చెప్పుకుంటుంది. ఆ ఏనుగునూ ఛాతీనీ కలిపి నేలకు అప్పగించిన వీపు మాట ఎవరూ ఎత్తరు. బెంచ్ ప్రెస్‌లోనూ అంతే: రెక్క ఎముకలు వెనక్కి బిగించి బల్లకు ఆనిస్తేనే నెట్టే చేతులకు గట్టి ఆధారం దొరుకుతుంది. వీపును కాదన్నవాడు తన ఛాతీకే అన్యాయం చేస్తున్నాడని కవి హృదయం.

ఫలశ్రుతి: వారానికి 2 సార్లు ఈ పద్యార్థాన్ని ఆచరించినవారికి వీపుతోపాటు బెంచ్ ప్రెస్ కూడా వృద్ధి చెందుతుంది. పఠించినంత మాత్రాన ఏ ఫలమూ లేదు.