నాలుగు హద్దులు లేని ఆస్తి

తెనాలి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట మా పెదనాన్న దస్తావేజులు రాసేవారు. ఊళ్లో సగం స్థలాల హద్దులు ఆయన నోటిమీదే ఉండేవి. కంప్యూటర్లొచ్చి చేతిరాత పోయింది. వయసు మీదపడి ఆయన పనీ తగ్గించుకున్నారు. ఎవరైనా ఏదైనా కొన్నామంటే వేసే మొదటి ప్రశ్న మాత్రం మారలేదు.

"కాగితం ఏది?"

2025 సంక్రాంతికి మా మేనత్త కొడుకు, అంటే మా బావ, హైదరాబాదు నుంచి వచ్చాడు. కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంప్యూటర్ ఆటలంటే ప్రాణం. కాలేజీ రోజుల నుంచీ సేల్ పెట్టినప్పుడల్లా కొని, ఒకే ఆన్‌లైన్ దుకాణంలో మూడొందల పైచిలుకు ఆటలు పోగేశాడు. సరిగ్గా భోగినాడు వీధిలో నెట్ పోయింది. బావ ల్యాప్‌టాప్ తెరిస్తే, ముందు లాగిన్ అవ్వమంది. నెట్ లేకుండా లాగిన్ ఎలా? లాగిన్ లేకుండా ఆట ఎలా?

"నా డబ్బుతో కొన్నా. నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఆడుకోడానికి మళ్లీ వాడి అనుమతేంటి?" అని ఇల్లంతా ఎగిరాడు.

కనుమనాటికి నెట్ వచ్చింది గానీ, బావ అప్పటికే ఒక నిశ్చయానికి వచ్చేశాడు. పోలెండ్‌లో సీడీ ప్రాజెక్ట్ అనే కంపెనీ 2008లో గాగ్ అని ఒక దుకాణం పెట్టింది. అక్కడ కొన్న ఆట ఇన్‌స్టాలర్ ఫైలుని దించుకుని హార్డ్‌డిస్కులో దాచుకోవచ్చు. ఆ తర్వాత నెట్ లేకపోయినా, రేపు ఆ దుకాణమే లేకపోయినా ఆట నడుస్తుంది. తన మూడొందల ఆటల్నీ అక్కడికి మార్చేసుకుంటానన్నాడు.

"మార్చుకోవడమంటే మళ్లీ కొనడమా?" అన్నారు పెదనాన్న.

"ఒకసారి కొన్నాక మళ్లీ కొనడమేంటి మావయ్యా? బదిలీ చేయించుకుంటాను. మీరు నంబరు మారకుండా ఫోన్ కంపెనీ మార్చుకోలేదూ?"

నిజమే, పెదనాన్న మార్చుకున్నారు. దేశమంతటికీ ఆ సదుపాయం వచ్చిన 2011లోనే. అందుకే ఆయనకి ఆ కిటుకు తెలుసు.

"అది ఫోన్ కంపెనీల్ని అదుపుచేసే ట్రాయ్ మెడలు వంచితే వచ్చిందిరా అల్లుడూ. కంపెనీలు ముచ్చటపడి ఇచ్చింది కాదు. మీ ఆటలకి ట్రాయ్ ఎవరు?"

బావ దగ్గర జవాబు లేదు.

"సరే, కాగితం ఏది?"

బావ ఫోన్‌లో రసీదులు చూపించాడు. పెదనాన్న ఒకటి చూసి ఫోన్ తిరిగిచ్చేశారు. "ఇవి నీ డబ్బు వాడికి ముట్టినట్టు. వాడి దగ్గర్నుంచి నీకేం ముట్టిందో చెప్పే కాగితం కావాలి."

అలాంటిది ఒకటుంది. ఖాతా తెరిచిన రోజున కింద గడిలో టిక్కు పెట్టి, చదవకుండా దాటేసిన ఒప్పందం. బావ దాన్ని జిరాక్సు షాపులో ప్రింటు తీయించి తెచ్చాడు. పెదనాన్న ఎర్ర పెన్సిల్ చెక్కుకుని రాత్రంతా కూర్చున్నారు. జీవితమంతా ఇంగ్లీషు దస్తావేజుల భాషతో కుస్తీ పట్టిన మనిషి కదా, ఆయనకి అందులో కొత్తేమీ కనిపించలేదు. పొద్దున్నే కాఫీ కూడా తాగకముందే బావని పిలిచారు.

"ఒరేయ్, మూడొందల ఆటలున్నాయన్నావు. నీకు ఒక్కటీ లేదు."

"అదేంటి మావయ్యా?"

"క్రయ దస్తావేజులో ఏం రాస్తాం? పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించవలసినది అని రాస్తాం. ఇందులో చూడు. అమ్మకూడదు. ఎవరికీ ఇవ్వకూడదు. ఎవరి పేరా రాయకూడదు. నీ తర్వాత నీ పిల్లలకీ రావు. ఈ ఆస్తికి నాలుగు హద్దులే లేవు. నీకిచ్చింది వాడుకోడానికి అనుమతి. లైసెన్సు."

బావ ముఖం మాడిపోయింది. పెదనాన్నకి ఇంకా ఊపొచ్చింది.

"1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఒకటుంది. మొదట అమలైన చోట్లలో మన మద్రాసు ప్రెసిడెన్సీ కూడా ఉంది. అది స్థలాల సంగతి, ఆటలకి వర్తించదు, నాకు తెలుసు. అయినా విను. ఒకరి స్థలంలో ఫలానా పని చేసుకోమని ఇచ్చే అనుమతి లైసెన్సు, దానివల్ల స్థలం మీద హక్కేమీ రాదు అంటుంది 52వ సెక్షన్. లైసెన్సుని ఇంకొకరికి బదిలీ చెయ్యకూడదంటుంది 56వ సెక్షన్. అందులోనే ఒక మినహాయింపు. వినోద ప్రదర్శనకి వెళ్లే లైసెన్సునైతే బదిలీ చేసుకోవచ్చు. అంటే తెల్లవాళ్ల కాలంలోనే నాటకం టికెట్టుని పక్కవాడికి ఇచ్చుకోనిచ్చారు. నువ్వు ఇన్ని వేలు పోసినదానికి ఆ టికెట్టు పాటి విలువ కూడా లేదు."

"మరి బటన్ మీద ‘కొనండి’ అని ఎందుకు పెట్టాలి మావయ్యా?" బావ గొంతు పెరిగింది. "వాడుకోనిచ్చి ‘కొనండి’ అనడం దగా కాదూ? కాలిఫోర్నియాలో దీనికే చట్టం తెచ్చారు. 2024లో గవర్నరు సంతకం పెట్టాడు, ఈ జనవరి ఒకటో తారీకు నుంచి అమలు. శాశ్వతంగా చేతికివ్వని డిజిటల్ సరుకు మీద ‘కొనండి’ అని రాస్తే, ఇది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి కనబడేలా చెప్పి తీరాలి. అలాంటి చట్టం మన దగ్గరా రావాలి. మామూలు మనిషికి ఏం తెలుస్తుంది ఈ గోలంతా?"

"రావాలి" అన్నారు పెదనాన్న. మేనల్లుడు న్యాయం మాట్లాడుతుంటే ఆయనకి ముచ్చటేసింది.

హైదరాబాదు వెళ్లాక కూడా బావ వదిలిపెట్టలేదు. ఆదివారాలు ఫోన్ చేసి, కొత్తగా తవ్వి తీసిందల్లా పెదనాన్నకి వినిపించేవాడు.

బదిలీ అసలు జరగకపోలేదు. 2016లో గాగ్ వాళ్లే ‘గాగ్ కనెక్ట్’ అని పెట్టారు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్న ఆటల్లో కొన్నింటిని గాగ్ ఖాతాలోకి ఉచితంగా తెచ్చుకోవచ్చన్నారు. అదీ తయారీదార్లు ఒప్పుకున్నవాటినే, గడువులోపే. 2023 నాటికి ఆ తలుపు కూడా మూసేశారు.

"మూసెయ్యక ఏం చేస్తారు?" అన్నారు పెదనాన్న. "అమ్మిన దుకాణం మామూలుగా నూటికి ముప్పై తీసుకుంటుందంటివి. ఆ ముప్పై మొదటివాడి గల్లాలో పడిపోయింది. నువ్వు ఫైళ్లు దించుకునే ఖర్చు మాత్రం రెండోవాడి నెత్తిన. ఎన్నాళ్లు మోస్తాడు?"

ఇంకో ఆదివారం బెథెస్డా కథ. ఆ కంపెనీ 2022లో తన సొంత లాంచర్ మూసేస్తూ, తన దగ్గర కొన్నవాళ్ల ఆటల్ని పైసా తీసుకోకుండా స్టీమ్‌కి మార్చింది. చూశారా, కుదురుతుంది కదా అన్నాడు బావ.

"వాడు ఇల్లు ఖాళీ చేస్తూ నీ సామాను కూడా లారీకెక్కించాడు. నువ్వు ఖాళీ చేస్తానంటే లారీ వస్తుందా?"

బావ కోర్టులదాకా వెళ్లాడు, అంటే చదవడంలో. డౌన్‌లోడు చేసుకున్న సాఫ్ట్‌వేర్ లైసెన్సుని కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చని 2012లో యూరప్ న్యాయస్థానం ఒరాకిల్ కేసులో చెప్పింది. ఆ దారినే ఫ్రాన్సులో వినియోగదారుల సంఘమొకటి స్టీమ్ నడిపే వాల్వ్ మీద దావా వేసింది. 2019లో పారిస్ కోర్టు, ఆటల్ని కూడా తిరిగి అమ్ముకోనివ్వాల్సిందేనంది. ఆ రోజు సంగతి చెప్తుంటే బావ గొంతులో పండగే. 2022లో పై కోర్టు ఆ తీర్పుని తిప్పేసిందని మాత్రం చివర్లో, గొంతు తగ్గించి చెప్పాడు.

మరో ఆదివారం ‘ద క్రూ’ అనే కార్ల రేసు ఆట కథ. యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది. ఒంటరిగా ఆడుకుందామన్నా ఆ సర్వరు పలకాల్సిందే కాబట్టి, డబ్బిచ్చి కొన్నవాళ్ల దగ్గర మిగిలింది డబ్బా మీద బొమ్మే. ఆ మంటతోనే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అని ఉద్యమం లేచింది. అమ్మిన ఆటని, సర్వరు ఆపేశాక కూడా ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్లాలన్నది దాని కోరిక. 2025 జూలై నాటికి యూరప్‌లో సంతకాలు పది లక్షలు దాటాయి. బావ కూడా పెట్టబోయాడు గానీ, యూరోపియన్ యూనియన్ పౌరులకే అవకాశం. జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న క్లాస్‌మేటుకి పురమాయించాడు. వాడిదీ మన పాస్‌పోర్టే.

"ఇంతమంది సంతకాలు పెట్టినా వినకపోతే ఇంక వీళ్లని ఏమనాలి మావయ్యా? సొంతంగా ఒక ఆట చేస్తే తెలుస్తుంది, కొన్నవాణ్ణి ఎలా చూసుకోవాలో."

"చెయ్యరా" అన్నారు పెదనాన్న.

చేశాడు. ఆ దసరాకి లడ్డూల పెట్టెతో దిగాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి సాయంత్రాలూ శని ఆదివారాలూ కూర్చుని, ఒక పజిల్ ఆట తయారుచేశాడు. మూడొందల రూపాయల ధర పెట్టి, సొంత వెబ్‌సైటులో అమ్మబోతున్నారు. బొమ్మలు బాగున్నాయి. నేనైతే భోజనానికి పిలిచినా వినిపించుకోకుండా ఆడాను.

"ఇక మిగిలింది ఒప్పందమే మావయ్యా. మీరే రాయాలి. తర్వాత లాయరు చేత ఇంగ్లీషులో పెట్టించుకుంటాం. అలాంటి కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివిన మనిషిని నేను మిమ్మల్ని తప్ప చూడలేదు."

పెదనాన్న కళ్లు మెరిశాయి. చాలా రోజుల తర్వాత ఆయన చేతికి తెల్లకాగితం వచ్చింది. కళ్లజోడు తుడుచుకుని, మార్జిన్ మడిచి, వేలితో నొక్కి రాయడం మొదలుపెట్టారు. "నువ్వు పడ్డ బాధ ఇంకొకడు పడకుండా రాద్దాం. కొనుగోలుదారు సదరు ఆటను దాన వినిమయ విక్రయాది..."

"అది వద్దు మావయ్యా" అన్నాడు బావ.

కలం ఆగింది.

"అంటే, లైసెన్సు అని పెట్టండి. ఒకడు కొని ఆడేసి తమ్ముడికిచ్చాడనుకోండి, ఆ తమ్ముడు మన దగ్గర కొనడుగా."

పెదనాన్న కొట్టేసి మళ్లీ రాశారు. "వేరే దుకాణానికి మార్చుకుంటానంటే?"

"కుదరదని ఒక లైను. మనకేంటి లాభం?"

"మీరు సర్వరు ఆపేస్తే?"

"ముందస్తు నోటీసు లేకుండా ఎప్పుడైనా ఆపే హక్కు మనదేనని రాయండి. రేపు ఎవడూ కోర్టుకెళ్లకుండా కాస్త గట్టిగా."

పెదనాన్న గట్టిగానే రాశారు. అవతలివాడికి సందు దొరక్కుండా రాయడం ఆయన నలభై ఏళ్ల విద్య. పేజీ తిప్పుతూ అడిగారు. "మరి బటన్ మీద ఏమని ఉంటుంది?"

"‘కొనండి’ అనే. ‘లైసెన్సు తీసుకోండి’ అంటే ఎవడు నొక్కుతాడు మావయ్యా?"

"సంక్రాంతికి ఏదో చట్టం చెప్పావు. లైసెన్సు మాత్రమేనని కనబడేలా చెప్పి తీరాలని. ఆ వాక్యం ఎక్కడ పెట్టమంటావు?"

"దాని గురించి మీరు బెంగపెట్టుకోకండి, కోడ్ రాసేశాను" అన్నాడు బావ లడ్డూ పెట్టె మూత తీస్తూ. "కాలిఫోర్నియా నుంచి తెరిచినవాళ్లకే కనబడుతుంది. మన దగ్గర ఇంకా రాలేదుగా ఆ చట్టం."