నేను గెలల సైకిలుని

పుట్టిన చాలా ఏళ్ళ దాకా నా మీద మనుషులు ఎక్కింది తక్కువ, అరటి గెలలే ఎక్కాయి. లంకల్లో కోసిన సరుకు రావులపాలెం మార్కెట్టుకు చేర్చడం నా పని. క్యారేజీకి అటు నాలుగు, ఇటు నాలుగు వేలాడదీసి, ఫ్రేములో ఇంకో రెండు ఇరికించి తాళ్ళు బిగించేవాడు మా పెద్దాయన. అంత బరువేశాక తొక్కడానికి జాగా ఎక్కడుంటుంది? ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి సీటు మీద వేసి నడిపించుకుంటూ పోవడమే. చక్కెరకేళి, కర్పూరం, బొంత, ఏ గెల ఎంత బరువో నా స్పోకులకు తెలుసు. నేల ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వాలుతుందో కూడా అలాగే తెలిసింది. కంటికి చదునుగా కనబడే రోడ్డు మీద గెలలు వెనక్కి లాగాయంటే అక్కడ ఎత్తు ఉన్నట్టే.

నా ఒడ్డూ పొడుగూ చెప్పనివ్వండి. నల్ల రంగు, 24 సైజు ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18. పెడలు ఒక్క చుట్టు తిరిగితే అయిదు మీటర్ల పైచిలుకు ముందుకు పోతాను. చదును నేల మీద అంతకంటే హాయి లేదు. ఎత్తు వచ్చిందా, ఆ అయిదు మీటర్లూ తొక్కేవాడి మోకాళ్ళ మీద పడతాయి. గేరు మార్చుకోవడం నాకు రాదు.

మోపెడ్లు, ఆటోలు వచ్చాక గెలలు వాటి మీదకెక్కాయి. నన్ను పశువుల పాకలో దూలానికి వేలాడదీశారు. పెద్దాయన మనవరాలు హైదరాబాదులో చదువుకుని వచ్చి, ఊళ్ళు చూడ్డానికి వచ్చేవాళ్ళకు సైకిళ్ళు అద్దెకిస్తానంది. గేర్ల సైకిళ్ళు కొన్ని తెచ్చింది. ఓ రోజు పాకలో తలెత్తి చూసి, "తాతా, దీన్ని కూడా దింపుదాం" అంది.

"దాన్నెవరు తొక్కుతారే అమ్మడూ? ఇనప్పెట్టె అంత బరువుంటది."

"తొక్కేవాళ్ళు తొక్కుతారులే."

కొత్త టైర్లు, కొత్త చైను, సీటుకు స్ప్రింగులు. అలా నా రెండో బతుకు మొదలైంది.

వచ్చినవాళ్ళు మొదట అడిగే ప్రశ్న, "ఎన్ని కిలోమీటర్లండి?" అని. ఆ ప్రశ్న వినగానే నాకు నవ్వొస్తుంది. కోనసీమలో కిలోమీటర్లు లెక్క కాదు. గాలి ఎటుంది, నీడ ఎంతుంది, గట్టు ఎక్కాలా వద్దా, లారీలు తిరిగే రోడ్డా కాదా అని అడగాలి. ఆ నాలుగూ కుదిరితే అరవై ఏళ్ళ అమ్మగారు కూడా పొద్దంతా తొక్కగలరు. కుదరకపోతే జిమ్ములో కండలు పెంచిన కుర్రాడు కూడా మధ్యాహ్నానికి ఫోనులో ఆటో వెతుక్కుంటాడు.

చదునైన దారి కావాలంటే కాలువను పట్టుకోండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయించాడు. ఇప్పుడు మనం దాటేది ఆ తర్వాత కట్టిన బ్యారేజీ. దాని మీదుగా బొబ్బర్లంక చేరితే మధ్య డెల్టా కాలువ అక్కడే మొదలవుతుంది. ఈ కాలువలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వినవి. పడవ నడవాలంటే నీరు పరుగెత్తకూడదు. అందుకని నీరు మెల్లగా కదలడానికి చాలినంత వాలే ఇచ్చి, మట్టం దిగాల్సిన చోట లాకులు కట్టారు. ఆ లెక్క నూట డెబ్భై ఏళ్ళ తర్వాత నాకు పనికొస్తోంది. పడవకు ఎదురులేని కాలువ గట్టు మీద సైకిలుకు కూడా ఎదురుండదు. అడ్డకడ్డీ కిందుగా కాలు దూర్చి అరపెడలు తొక్కే పిల్లలు దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పుల మాస్టారి దాకా అందరికీ ఇదే దారి చూపిస్తుంది మా అమ్మడు.

దారిలో ఆత్రేయపురం. పూతరేకులు తినకుండా ఎవరూ కదలరు. తిన్న వెంటనే తొక్కితే నోరు తడారిపోతుంది, నీళ్ళ సీసా నిండుగా పెట్టుకోండి. కాస్త ముందుకు పోతే లొల్ల లాకులు. కాలువ అక్కడ పాయలుగా చీలుతుంది. సినిమాల్లో చూసి వచ్చినవాళ్ళు నన్ను రెయిలింగుకు ఆనించి ఫోటోలు దిగుతారు. నా మడ్‌గార్డుకు గీతలు పడ్డవన్నీ అక్కడివే.

కాలువతో పాటే సాగితే పి.గన్నవరం. అక్కడ గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువను దాటించారు. కింద నది, పైన కాలువ, కాలువతో పాటు మన దారి. కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1909లో పోయిన ఆ తల్లి లంకల గన్నవరంలో వచ్చినవాడికల్లా, ఏ వేళప్పుడైనా, అన్నం పెట్టింది. బాటసారుల దారికి ఇంతకన్నా తగిన పేరు ఇంకోటి ఉంటుందనుకోను.

మా అద్దె సైకిళ్ళ షెడ్డులో రెండు సీట్ల టాండెం సైకిలు ఒకటి ఉంది. కిందటి శీతాకాలం చూపు లేని ఒకాయన దాని మీద వెనక కూర్చున్నారు, ముందు ఆయన తమ్ముడు. నేను వెనకే వస్తున్నాను, నా మీద ఆయన భార్య. ముందువాడు పెడలు ఆపితే వెనకవాడిదీ ఆగుతుంది, అందుకని మొదటి గంట ఇద్దరికీ గొడవే. "అన్నయ్యా, చెప్పేదాకా తొక్కకు," "నువ్వు చెప్పవేంట్రా మరి!" లొల్ల దాటాక కుదురుకున్నారు. అక్కణ్ణించి దారి చెప్పింది వెనకాయనే. "చెట్లయిపోయాయి, ముందు ఖాళీ పొలాలేగా?" అన్నారు, ఎండ మారడం మొహానికి తెలిసింది. "ఎడమన కొబ్బరి డొక్కలు నానబెట్టారు," "ఇక్కడ రోడ్డు కొత్తగా వేశారు," "కాలువ పక్కకెళ్ళిపోయింది, చల్లదనం తగ్గింది." అవి నాకు తెలిసిన గుర్తులే. కళ్ళున్న పర్యాటకుల నోట నేను వినలేదు.

మూడు చక్రాల చేతిసైకిలు మీద వచ్చినవాళ్ళను కూడా చూశాను. గట్టు మీదకు చేరాక వాళ్ళకు సమస్యే లేదు, నా కంటే నిలకడగా పోతారు. గట్టు ఎక్కే చోటే చిక్కంతా. ట్రాక్టరుకు చాలితే చాలన్నట్టు ర్యాంపును నిటారుగా పోస్తారు, కింద కంకర వదిలేస్తారు. చేతులతో తిప్పే చక్రం ఆ కంకరలో తిరుగుతుంది గాని కదలదు. ఇద్దరు వెనక నుంచి తొయ్యాల్సిందే. ఆ నాలుగు గజాలు వాలుగా పోసి చదును చేస్తే మిగతా దారంతా వాళ్ళదే.

కొంచెం అలవాటున్నవాళ్ళకు నేనైతే దిండి చుట్టు చెబుతాను. దిండి నుంచి రాజోలు, సఖినేటిపల్లి. ఓపిక ఉంటే అంతర్వేది దాకా వెళ్ళి, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూసి వెనక్కి రావచ్చు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం. అక్కడి ఆడవాళ్ళ లేసు అల్లికలు దేశాలు దాటాయి. అక్కణ్ణించి పాలకొల్లు, క్షీరారామం గుడి. ఆపైన చించినాడ వంతెన మీదుగా మళ్ళీ దిండి. పంటు మీద నన్ను స్టాండు వేసి వదిలేయకండి, చేత్తో పట్టుకోండి. అది ఒడ్డుకు తగిలినప్పుడు నేను పక్క మోటారుసైకిలు మీద పడతాను, నష్టం దానికి కాదు.

ఈ చుట్టులో కొండ లేదంటారు. చించినాడ వంతెన ఎక్కి చూసి చెప్పమనండి! డెల్టాలో వంతెనలూ ఏటిగట్లే కొండలు. గేర్లు లేని నాలాంటిదాన్ని దిగి నడిపించుకుంటే పరువేం పోదు, పాతికేళ్ళు నన్ను నడిపించే కదా మా పెద్దాయన సంసారం ఈదాడు. ఏటిగట్టు అంత ఎత్తు ఎందుకని విసుక్కునేవాళ్ళూ ఉంటారు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. ఆ రోజుల్లో మా లంకంతా నీళ్ళలో ఉంటే, గొడ్లూ మనుషులూ ధాన్యం బస్తాలూ నేనూ గట్టు మీదే ఉన్నాం. ఆ ఎత్తు మీద నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు ఉన్నది హైవే మీద. చేపల లారీలు వెనక నుంచి హారను కొడతాయి. తారు అంచు పక్కన మట్టి కోసుకుపోయి బెత్తెడు పల్లం ఉంటుంది. దిగితే పడతాం, దిగకపోతే లారీ. కొత్తవాళ్ళనూ పిల్లలనూ ఆ రోడ్డు మీదకు తీసుకురాకండి. కొబ్బరితోటల మధ్య ఊరి రోడ్లు రెండింతలు చుట్టు తిరిగితే తిరిగాయి.

ఇక గాలి. కోనసీమకు సముద్రం దక్షిణాన, ఆగ్నేయాన ఉంటుంది. ఎండెక్కేకొద్దీ సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. పొద్దున్నే అంతర్వేది వైపు బయల్దేరి, మధ్యాహ్నం దాటాక వెనక్కి తిరిగితే ఆ గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. తాపీగా టిఫిన్లు చేసి పదకొండింటికి సముద్రం వైపు బయల్దేరేవాళ్ళను అమ్మడు వద్దనే అంటుంది. వినరు. కాలువ వాలు చెప్పి "దిగువకే కదండీ" అంటారు. గోదావరి పల్లం కన్నా సముద్రపు గాలిదే బలం.

కొండలే కావాలనే కుర్రాళ్ళు మారేడుమిల్లి వెళ్తారు. అక్కడికి నన్ను తీసుకెళ్ళరు, తీసుకెళ్ళకూడదు కూడా. రంపచోడవరం దాటాక అడవి, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు మలుపుల ఘాట్ రోడ్డు. పక్కనున్న గేర్ల సైకిలు ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్దది వేసుకుంటే పెడలు చుట్టుకు రెండు మీటర్లు కూడా కదలదు. అలా బొట్టుబొట్టుగా ఎక్కుతుంది. ఎక్కడం అలా ఉంచండి, నా భయం దిగడం గురించి. నావి ఇనప రిమ్ములు, వాన తడి తగిలితే బ్రేకు రబ్బరు జారుతుంది. బొంగులో చికెన్ తిని వచ్చి వాళ్ళు చెప్పే కబుర్లు వింటే నాకు చాలు.

వచ్చేవాళ్ళకు నాలుగు మాటలు. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, బురదా ఎండా తప్ప చూసేదేమీ ఉండదు. జులై, ఆగస్టుల్లో గోదావరి వార్తలు చూడకుండా లంకల వైపు రాకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రండి. ఎక్కేముందు సీటు ఎత్తు సరిచేయించుకోండి, పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొంచెమే వంగాలి. పంచరు సామాను, పంపు వెంట ఉంచుకోండి, దారిలో షాపులున్నా మధ్యాహ్నం మూసేస్తారు. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. అక్కడ బెల్లు కొట్టకుండా దిగి, పక్కనుంచి నడిపించుకుపోండి.